వీపు మీద గుద్దులు, చెవిలో మెలిస్సా

మా తమ్ముడికి ఆడపిల్ల పుట్టిందని ఫోను వచ్చినప్పుడు నేను మిషన్ ముందు కూర్చుని జాకెట్టుకి చేతులు అతుకుతున్నాను. మాట్లాడి పెట్టేశాక చూసుకుంటే కుడి చెయ్యి పోయి ఎడమ పక్కన అతుక్కుని ఉంది. ఇన్నేళ్ళ కుట్టుపనిలో నేను అలాంటి తప్పు చేసింది నా పెళ్ళిచూపుల రోజున ఒకసారి, మళ్ళీ ఆ రోజు. విప్పి సరిచేసే ఓపిక లేక దాన్ని అలాగే పక్కన పడేసి, బళ్లారి బజారులో ఉన్న నా చిన్న కొట్టుకి షట్టరు దించి ఆసుపత్రికి పరుగెత్తాను.

అంత సంబరానికి కారణం ఉంది. నాకు ఇద్దరూ మగపిల్లలు. తమ్ముడికి పెళ్ళయిన ఆరేళ్ళకి ఇదే మొదటి కాన్పు. తమ్ముడి దగ్గరే ఉండే మా అమ్మ మనవరాలి కోసం మొక్కని దేవుడు లేడు. దర్గాకి కూడా పోయి చక్కెర చదివించుకుని వచ్చింది. పాపని చేతుల్లోకి తీసుకోగానే ఆమె అన్న మొదటి మాట, తన తల్లే తిరిగి వచ్చిందని. ఆ మాట మేం ఎవరమూ పట్టించుకోలేదు. పెద్దవాళ్ళు అలాగే అంటారు కదా అనుకున్నాం. అక్కడే పట్టించుకుని ఉంటే తర్వాత అంత రభస ఉండేది కాదు.

పుట్టిన సమయం చెప్పగానే పంతులు పంచాంగం తిరగేసి, మఖ నక్షత్రం నాలుగో పాదం, అక్షరం 'మే' అని చీటీ మీద రాసిచ్చాడు. మా తమ్ముడు ఆ చీటీని చొక్కా జేబులో పెట్టుకుని వారం రోజులు తిరిగాడు. వాడు తోరణగల్లు ఉక్కు కర్మాగారంలో క్రేను నడుపుతాడు. పోను ఒక గంట, రాను ఒక గంట కంపెనీ బస్సులో కూర్చుని ఫోనులో పేర్లు వెతకడమే పని. వెతికినవి ఇంటికొచ్చి మా మరదలికి వినిపించేవాడు. ఆమె ఒక కాలేజీ ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం చేస్తుంది. ఏ పేరు చెప్పినా ఆ పేరు పిల్ల తన కాలేజీలో ఒకతి ఉందని, దానికి హాజరు తక్కువని కొట్టిపారేసేది. మబ్బుల పేర్లన్నీ వాళ్ళ వీధిలో అప్పటికే అయిపోయాయి. అప్సరస పేరొకటి ఉంది గానీ అది మా అమ్మ ముందు ఎత్తే ధైర్యం ఇద్దరికీ లేదు.

చివరికి ఒకనాడు బస్సు దిగుతూనే వాడు నా కొట్టుకొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "అక్కా, దొరికింది. మెలిస్సా" అన్నాడు.

పేరా, మందా అని అడిగాను. వాడు నొచ్చుకోలేదు. అది గ్రీకు దేశపు పేరని, వేల ఏళ్ళ నాటిదని, తేనె అని ఏదో అర్థం ఉందని, మరదలికి కూడా ఒక్క దెబ్బకి నచ్చిందని గడగడా చెప్పాడు. ఆ పేరుతో ఆమె కాలేజీలో ఒక్క పిల్ల కూడా లేదట. నేను రెండుసార్లు పలికి చూశాను. నోట్లో జారిపోయింది. మన నోటికి ఆ 'స్సా' దగ్గర ఊపిరి ఎక్కడ ఆపాలో తెలియదు. మీ పిల్ల, మీ ఇష్టం అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కానీ పేర్ల విషయంలో తల్లిదండ్రుల మాటే మాట అని నా అభిప్రాయం.

మా అమ్మ అభిప్రాయం అది కాదు. మా ఇళ్ళలో అక్షరాలు చూసి పేర్లు పెట్టడం మా తమ్ముడి తరంతోనే మొదలైంది. అంతకు ముందు పోయిన పెద్దల పేర్లే తిరిగి వచ్చేవి. మా అమ్మ వాళ్ళమ్మ పేరు ఆ వరసలో మిగిలిపోయింది. నాకు పెట్టాల్సింది కానీ, నేను పుట్టినప్పుడు మా నాన్న తరఫు వాళ్ళు గెలిచారు. నాకు ఆడపిల్ల పుడితే పెట్టుకుందామనుకుంది, పుట్టలేదు. ఇప్పుడు పుట్టిన పిల్లకేమో ఏరు తెలియని, ఊరు తెలియని పేరు. తమ్ముడు ఆ పేరు చెప్పినప్పుడు అమ్మ చింతపండు పిక్కలు తీస్తూ ఉంది. తల ఎత్తలేదు.

"ఇన్నేండ్లు మాయమ్మ పేరు పెట్టల్లని కాసుకోనుండా" అంది. "మీరు పెట్టే పేరు మీరే పిల్చుకోండప్పా. నేను తొట్ల మీద చెయ్యి ఎయ్యను."

తొట్లు అంటే ఉయ్యాల. కన్నడంలోంచి వచ్చి మా నోళ్ళలో స్థిరపడిపోయిన మాట. పేరు పెట్టే రోజు బిడ్డని తొట్లలో పడుకోబెట్టేది నాయనమ్మ. ఆమె చెయ్యి పడకుండా తొట్లు ఊగితే వచ్చినవాళ్ళంతా ఏమనుకుంటారు? అనుకోవడం అలా ఉంచండి, మా తమ్ముడి ముఖం చూడలేకపోయాను. అమ్మేమో పొద్దస్తమానం పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చునే మనిషి, పాపకి నలుగు పెట్టేది, సాంబ్రాణి వేసేది, కాటుక దిద్దేది అంతా తానే. కానీ ఇరవై ఒకటో రోజు మాత్రం తొట్ల జోలికి రానంటుంది. మా అమ్మ ఒకసారి అంటే అంతే. మా నాన్న ఉన్నప్పుడు ఆయనతో ఏడాది పొడుగునా, ఒక సంక్రమణం నుంచి ఇంకో సంక్రమణం దాకా మాట్లాడకుండా ఉన్న మనిషి.

తమ్ముడు, మరదలు ఇద్దరూ నా వైపు చూశారు. ఎందుకంటే పేరు పెట్టేది నేనే. మా వైపు బిడ్డ చెవిలో పేరు చెప్పే హక్కు సోదరత్తది, అంటే మేనత్తది. అత్త తొట్ల మీదికి వంగి, చెవి దగ్గర నోరు పెట్టి, కుర్ర్ అని శబ్దం చేసి, మూడుసార్లు పేరు చెప్పాలి. ఆమె అలా వంగినప్పుడు చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఆమె వీపు మీద గుద్దులు గుద్దుతారు. ఎందుకని నన్నడగకండి. మా అవ్వనడిగితే, తాను పుట్టినప్పటినుంచీ అలాగే గుద్దుతున్నారని చెప్పింది. చెవిలో పడ్డ పేరే పేరు. కాగితాల్లో ఏం రాసుకున్నా దేవుడి లెక్కలో అత్త నోట్లోంచి వచ్చిందే నిలుస్తుందని మా అమ్మ నమ్మకం. అందుకే ఆమె నాతో విడిగా చెప్పింది, వంగినప్పుడు మాయమ్మ పేరు చెప్పెయ్, ఎవురికి తెలుస్తాది అని.

ఇటు చెపితే తమ్ముడికి ద్రోహం, అటు చెపితే అమ్మకి. వారం రోజులు మిషన్ తొక్కుతూ రెండు పేర్లూ నోట్లో నానబెట్టుకుంటూ గడిపాను.

ఆ వారంలోనే చేతులు తారుమారైన జాకెట్టు కోసం దాని సొంతదారు వచ్చింది. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన లెక్చరర్ మేడం. జాకెట్టు ఎత్తి చూసి, కుడి చెయ్యి ఎడమ పక్కకి ఎందుకెళ్ళిందని నవ్వుతూ అడిగింది. మేనకోడలు పుట్టిందని చెప్పాను. పేరేమిటంటే చెప్పాను. ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. ఇంక చెప్పడం మొదలుపెడితే నేను చేతులు విప్పి, సరిచేసి, మళ్ళీ కుట్టి, హుక్కులు వేసి, ఇస్త్రీ చేసేదాకా ఆపలేదు.

గ్రీకుల భాషలో తేనెని మెలి అంటారట. మెలిస్సా అంటే మాత్రం తేనె కాదు, తేనె తెచ్చేది. అంటే తేనెటీగ. వాళ్ళ పురాణంలో చంటిబిడ్డగా ఉన్న ఒక దేవుణ్ణి అడవిలో దాచిపెడితే, ఒక వనకన్య తేనె పోసి సాకిందట. తేనె తినొచ్చని మనుషులకి చూపించింది కూడా ఆమేనని చెప్పుకుంటారట. ఆ తర్వాత కొన్ని గుళ్ళలో పూజ చేసే ఆడవాళ్ళని తేనెటీగలనే పిలిచేవారట. కథల్లోనే కాదు, నిజం ఆడవాళ్ళకీ ఈ పేరు పెట్టుకునేవారని, ఒక పట్నాన్ని ఏలిన దొర భార్యకి ఈ పేరే ఉండేదని చెప్పింది. ఆమెకేమైందని అడిగాను. శుభమా అని పేరు పెట్టుకుంటున్నారు, ఆమె కథ ఇప్పుడొద్దులే అంది మేడం. అక్కడ పుట్టిన పేరు ఎన్నో దేశాలు తిరిగి, ఎంతోమంది ఆడపిల్లలకి అమరి, ఇవాళ్టికీ చలామణిలోనే ఉందట. అంతదూరం నడిచి మా తమ్ముడి ఫోనులోకి, అందులోనూ తోరణగల్లు బస్సులోకి వచ్చింది చూడండి.

పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి ఇంకొక మాట చెప్పింది. ఆ గ్రీకుల్లో కూడా తాత పేరు మనవడికి, అవ్వ పేరు మనవరాలికి పెట్టడం ఆనవాయితీ అట.

నాకు ప్రాణం లేచివచ్చింది. అర్థం చెపితే అమ్మ మెత్తబడుతుందనుకున్నాను. తేనె తెచ్చే ప్రాణి పేరు, పైగా గుళ్ళో పూజ చేసే ఆడవాళ్ళ పేరు, ఇంకేం కావాలి? ఆ సాయంత్రమే తమ్ముడి ఇంటికి పోయి, మేడం చెప్పిందంతా ఒక్క ముక్క వదలకుండా అమ్మకి అప్పజెప్పాను. తమ్ముడూ మరదలూ పక్కనే కూర్చుని తలలూపుతున్నారు.

అమ్మ అంతా విన్నది. విని అడిగింది, జేను హుళ పేరా అని. జేను హుళ అంటే కన్నడంలో తేనెటీగ. అవునన్నాను.

"పురుగు పేరు పెడతాండారా నా మనవరాలికి" అంది. "అదీ ఆ పురుగు పేరు. మా పని తీసిన పురుగు పేరు."

ఇంకేముంది, తేనెతుట్టె కదిలించినట్టే అయింది. అవ్వ పేరు పెట్టే ఆనవాయితీ గురించి నేను నోరు జారి చెప్పేశాను కదా, అమ్మ దాన్నీ వదల్లేదు. పేరు మాత్రం ఆ దేశంది కావల్ల, పద్ధతి మాత్రం వద్దా అని తమ్ముణ్ణి నిలదీసింది. వాడు క్రేను మీద టన్నుల లెక్కన ఉక్కు ఎత్తుతాడు గానీ మా అమ్మ మాటకి జవాబు ఎత్తలేకపోయాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నా నోరు నా శత్రువు అని మరోసారి తెలుసుకున్నాను.

తేనెటీగల మీద మా అమ్మకి ఉన్న కోపం ఊరికే పుట్టింది కాదు. దానికి పాతికేళ్ళు పైబడిన కథ ఉంది.

అప్పుడు మేము హగరి ఏటి పక్కన ఊళ్ళో ఉండేవాళ్ళం. అమ్మ పొద్దుతిరుగుడు విత్తనాల మళ్ళలో కూలికి పోయేది. అక్కడి పని మామూలు కోతా కలుపూ కాదు. మగ మొక్కలు కొన్ని వరసలు, ఆడ మొక్కలు కొన్ని వరసలు వేస్తారు. మగ పువ్వు మీది పుప్పొడి ఆడ పువ్వుకి అంటితేనే గింజ పడుతుంది. ఆ అంటించే పని ఆడకూలీలది. మంచు ఆరాక మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ముగించాలి. అరచేతికి మెత్తటి గుడ్డ కట్టుకుని మగ పువ్వు మీద మెల్లగా తిప్పాలి. గుడ్డకి పసుపుపచ్చగా పొడి అంటుతుంది. ఆ చేతిని పోయి ఆడ పువ్వు మీద గుండ్రంగా తిప్పాలి. గట్టిగా రుద్దితే పువ్వు పాడవుతుంది, తేలిగ్గా రుద్దితే పొడి అంటదు. ఒక రోజు రుద్దితే సరిపోదు, పువ్వు విచ్చుకున్నంత కాలం రోజు మార్చి రోజు రుద్దాలి.

అమ్మ ఇంటికొచ్చేసరికి ముంజేతుల దాకా పచ్చగా ఉండేది. కనుబొమలు కూడా పచ్చగా ఉండేవి. నాకు తొమ్మిదో పదో ఏళ్ళు. ఒట్టి గుడ్డ కట్టుకుంటే మాటిమాటికీ జారిపోతోందని ఆమె విసుక్కుంటుంటే, పాత ధోవతి చింపి, లోపల దూది పెట్టి, వేళ్ళు దూరడానికి ఒక పట్టీ వేసి చేత్తోనే ఒక సంచీ కుట్టిచ్చాను. అదే నా మొదటి కుట్టు. మర్నాడు మళ్ళో ఉన్న ఆడవాళ్ళందరూ తమకీ కావాలన్నారు. ఇవాళ నేను బజారులో కొట్టు పెట్టుకుని కూర్చున్నానంటే ఆ పుప్పొడి గుడ్డ పుణ్యమే.

బడి లేని రోజున నేనూ వెంట పోయేదాన్ని. మా అమ్మకి ఒక అలవాటు ఉండేది. ప్రతి పువ్వు మీదా చెయ్యి తిప్పేసి, కదిలే ముందు దానితో ఒక మాట చెప్పేది. "గట్టిగా పట్టమ్మా." గింజ గట్టిగా పట్టమని. వందల పువ్వులకి వందలసార్లు చెప్పేది. పక్క వరసలోవాళ్ళు ఎగతాళి చేసినా మానలేదు. ఆమె రుద్దిన వరసల్లో తాలు గింజ తక్కువని మేస్త్రీ కూడా ఒప్పుకునేవాడు.

అలా నడుస్తుండగా ఒక ఏడాది విత్తనాల కంపెనీ మనిషి చెక్కపెట్టెలు తెచ్చి గట్టు మీద వరసగా పెట్టించాడు. వాటినిండా తేనెటీగలు. పువ్వు నుంచి పువ్వుకి అవే తిరిగి పుప్పొడి అంటిస్తాయి, సగంమంది కూలీలు చాలు అన్నాడు. ఆ సగంలో మా అమ్మ లేదు. ఆమె ఇంట్లో కూర్చోలేక, పోయి దూరం నుంచి ఆ పెట్టెల్ని చూసి తిట్టి వచ్చేది. ఒకరోజు మరీ దగ్గరికి పోయి తిట్టింది. కన్ను వాచిపోయి, వారం రోజులు ఒంటికంటితోనే అన్నం వండింది. ఆ కోపమే పాతికేళ్ళ తర్వాత మా తమ్ముడి ఇంట్లో వచ్చి కూర్చుంది.

ఆ సాయంత్రం అమ్మ ఆ కథంతా మరదలికి చెప్పి, ఇప్పుడు చెప్పమ్మా, ఆ పేరుతో నేను దీన్ని ఎట్ల పిలవల్ల అని అడిగింది. మరదలు పాపం తల దించుకుంది. తప్పు తనదే అన్నట్టు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అది చూస్తే నాకు మండింది. అమ్మ ఆ కథని సగంలో ఆపేసిందని అప్పుడు గుర్తొచ్చింది.

ఎందుకంటే ఆ ఏడాది అక్కడితో అయిపోలేదు. పక్క పొలంవాళ్ళు తెలియక, ఈగలు తిరిగే పొద్దుటి పూటే మందు కొట్టారు. రెండు రోజుల్లో పెట్టెలు చప్పబడిపోయాయి. కూలీలందరినీ మళ్ళీ రమ్మని కబురొచ్చింది. అమ్మ ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఆ పొద్దున నేనూ వెంట ఉన్నాను. ఆమె గుడ్డ కట్టుకోకుండా నేరుగా పెట్టెల దగ్గరికి పోయింది. వాటి కింద ఎండిన పప్పు పొట్టులాగా కుప్ప పడి ఉన్నాయి ఈగలు. అమ్మ చాలాసేపు అక్కడే గొంతుక్కూర్చుంది. తర్వాత కొడవలి మొనతో గుంత తవ్వి, వాటిని చీపురుతో కాకుండా చేత్తోనే తోసి, మట్టి కప్పింది. లేస్తూ నాతో ఒక మాట అంది.

ఆ మాటే నేను ఆ సాయంత్రం అమ్మకి తిరిగి చెప్పాను. "వాటికి గుంత తవ్వి పూడ్చింది నువ్వే గదమ్మా. పాపం, మన మాదిరే పొద్దున్నే పనికొచ్చినాయి అన్న్యావే."

అమ్మ నా వైపు చూసింది. పాప ఏడ్చిందని లేచి లోపలికి పోయింది. పాప ఏడవలేదు, హాయిగా నిద్రపోతోంది. ఆ రాత్రి నేను ఇంటికి పోయేదాకా ఆమె మళ్ళీ బయటికి రాలేదు. అంటే సరేనన్నట్టా కాదన్నట్టా ఎవరికీ తెలియలేదు. ఇరవై ఒకటో రోజు వచ్చేదాకా ఆమె ఆ ఊసే ఎత్తలేదు.

ఆ రోజు ఇల్లంతా జనం. మా పాత ఊరినుంచి ఒక ఆటోనిండా ఆడవాళ్ళు దిగారు. వాళ్ళని చూడగానే నా వీపు జలదరించింది. ఊళ్ళో ఎన్ని తొట్ల దగ్గర ఎంతమంది అత్తల వీపులు వాయించానో నాకే గుర్తులేదు, వాళ్ళకి మాత్రం అన్నీ గుర్తున్నాయి. నన్ను చూసి ముసిముసిగా నవ్వుకుంటూ గాజులు పైకి లాక్కుంటున్నారు. హాల్లో పట్టుచీరతో తొట్లు కట్టారు. మురమురాలు, ఉడకబెట్టిన శనగలు, బెల్లం ముక్కలు పళ్ళేల్లో పెట్టారు. మేడం కూడా వచ్చింది, సరిచేసిన జాకెట్టు వేసుకుని.

అమ్మ వంటింట్లో ఉంది. పాయసం అడుగంటుతోందట. ఆ పాయసం దింపి గంటయిందని నాకు తెలుసు. నాయనమ్మ ఏదని ఎవరో అడిగితే వస్తాంది, వస్తాంది అని నేనే సర్దిచెప్పాను. తమ్ముడు వంటింటి గుమ్మం దాకా రెండుసార్లు పోయి వెనక్కి వచ్చాడు. ఇంక ముహూర్తం దాటిపోతుందని పంతులు తొందరపెట్టాడు. చివరికి మరదలే బిడ్డని తొట్లలో పడుకోబెట్టింది.

నన్ను వంగమన్నారు. నేను అప్పటికి నిర్ణయించుకున్నాను. పేరు తల్లిదండ్రులదే చెప్తాను, అమ్మ కాళ్ళు తర్వాత పట్టుకుంటాను. వారం రోజులు వల్లెవేసిన పేరు. తొట్లలోకి తల పెట్టాను. పాప మేలుకుని నన్నే చూస్తోంది. చెవి దగ్గర నోరు పెట్టి కుర్ర్ అన్నాను. అంతే, మొదటి గుద్దు పడింది. రెండోది, మూడోది, ఇంక లెక్క లేదు. మా ఊరి ఆడవాళ్ళు కూలిపని చేసిన చేతులతో, ఇన్నేళ్ళు దాచుకున్న ప్రేమంతా నా వీపు మీద కుమ్మరించారు. నేను నోరు తెరిచాను. పేరు లేదు.

నిజంగానే లేదు. మే అని మొదలవుతుందని తెలుసు, తేనెటీగ అని తెలుసు, గ్రీకు దేశం, వనకన్య, గుళ్ళో ఆడవాళ్ళు, మేడం చెప్పిందంతా కళ్ళముందు తిరుగుతోంది. ఆ పేరొక్కటే ఎక్కడికో ఎగిరిపోయింది. నోటికొస్తున్నదల్లా మా అవ్వ పేరే. దాన్ని పళ్ళతో ఆపి పట్టుకున్నాను. వెనక ఎవరో, ఏంది, అత్త మూగదైపోయిందా అంటున్నారు. నవ్వులు, గుద్దులు. తల ఎత్తి తమ్ముణ్ణి అడగడానికి లేదు, ఎత్తితే మళ్ళీ మొదటినుంచీ వంగాలి.

అప్పుడు నా వీపు మీద అన్నిటికంటే గట్టి గుద్దు ఒకటి పడింది. ఆ చెయ్యి ఎవరిదో నాకు చిన్నప్పటినుంచీ తెలుసు.

"మెలిస్సా" అంది మా అమ్మ, నా నెత్తి మీదినుంచి. స్పష్టంగా, ఆ 'స్సా' దగ్గర ఎక్కడ ఊపిరి ఆపాలో సరిగ్గా అక్కడే ఆపి. "మెలిస్సా. చెప్పు మ్మే, నా మనవరాలు కాసుకోనుండాది."

మూడుసార్లు చెప్పాను. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. లేచి చూస్తే అమ్మ చేతికి పాయసం అంటుకుని ఉంది, అది నా పట్టుజాకెట్టు వీపంతా పూసుకుంది. ఇంకెప్పుడైనా అయితే ఊరుకునేదాన్ని కాదు. ఆమె నన్ను పక్కకి జరిపి, చీరకొంగు అరచేతికి చుట్టుకుని, తొట్లలోకి వంగి, పాప చెంప మీద మెల్లగా గుండ్రంగా తిప్పింది. గట్టిగా కాదు, మరీ తేలిగ్గానూ కాదు.

"గట్టిగా పట్టమ్మా" అంది.

ఆటోలో వచ్చిన ఆడవాళ్ళు పైకి లాక్కున్న గాజులు కిందికి దించుకున్నారు. ఆ మాట వాళ్ళకి తెలుసు. అందరూ ఆ మళ్ళలో చేతులు పచ్చ చేసుకున్నవాళ్ళే. ఒకామె ముక్కు చీదింది. తర్వాత అమ్మ తొట్ల తాడు పట్టుకుని ఊపింది. మా తమ్ముడు అంతమంది ముందర, పెద్ద క్రేను నడిపే మనిషి, తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.

అమ్మ ఆ పేరు ఎప్పుడు నేర్చుకుందో మరదలు నాకు తర్వాత చెప్పింది. తేనెటీగల గొడవ జరిగిన మర్నాటినుంచీ రోజూ పాపకి నూనె పెట్టేటప్పుడు, ఆ పేరు ఎట్లంటారో ఇంకోసారి చెప్పు అని అడిగేదట. ఎందుకత్తా అంటే, తిట్టేదానికన్నా సరిగ్గా తెలియల్ల గదా అనేదట. అలా తిట్టడానికని పది రోజులు పలికి పలికి, మాలో ఎవరికీ రానంత బాగా నేర్చుకుంది. మరి మీ అమ్మ పేరో అని నేను అమ్మనే అడిగాను. ఆ పేరు నా నోట్లో ఉండాది, యాడికీ పోదు అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో కొంచెం దిగులు లేకపోలేదు. నేనూ దాన్ని కదిలించలేదు.

ఇప్పుడు పాపకి నాలుగో నెల. తమ్ముడు మెల్లీ అని, మరదలు మెల్లూ అని ముద్దుగా పిలుస్తుంటే అమ్మ ఊరుకోదు. పేరుని తుంచొద్దు, దానికి అర్థం ఉండాది అని కసురుతుంది. నేనింకా ఒక్కోసారి ఆ పేరు దగ్గర తడబడతాను. అప్పుడు నా వీపు వైపు చూసి నవ్వుతుంది.

మొన్న టీకా వేయించడానికి ఆరోగ్య కేంద్రానికి పోయాం. తమ్ముడు డ్యూటీలో ఉన్నాడు, మరదలికి సెలవు దొరకలేదు. అమ్మా, నేనూ, పాప. వరసలో మా వంతు వచ్చాక నర్సమ్మ కార్డు తీసుకుని, పేరు చదివి, మళ్ళీ చదివి, ఏంది అవ్వా ఈ పేరు, ఎవరిది అని అడిగింది. నేను గ్రీకు దేశం నుంచి మొదలుపెడదామని గొంతు సవరించుకున్నాను.

అమ్మ నన్ను మోచేత్తో పక్కకి నెట్టింది. కుడి అరచెయ్యి విప్పి నర్సమ్మ ముందు బల్ల మీద పెట్టింది.

"నేను ఇరవై ఏండ్లు చేసిన పని పేరు తల్లీ" అంది. "రాసుకో."

నర్సమ్మకి ఏం అర్థమైందో తెలియదు. ఆ చేతి వైపు ఒకసారి చూసి, తల వంచుకుని, పుస్తకంలో జాగ్రత్తగా రాసుకుంది.